మామూలు స్పీడ్‌లో

"అనూ, చాయ్!" అని రఘునాథ్ అనగానే అనుపమ ఎప్పటిలాగే సగం సినిమాలో లేచి వంటింట్లోకి వెళ్లింది.

మెట్టుగూడలోని ఆ ఇంట్లో ఆదివారమంటే పాత మూగ హాస్యచిత్రం. అత్తగారు కాంతమణికి చెవులు పోయి ఆరేళ్లయింది. మాటల్లేని సినిమా కాబట్టి అందరూ నవ్వే చోటే ఆవిడా నవ్వుతుంది. అనుపమకు అందులోని బక్కమనిషంటే ఇష్టం. ఎన్నిసార్లు పడినా లేచి, టోపీ దులుపుకొని, ఏమీ జరగనట్టు నడిచిపోతాడు. చివరికి అతనేమవుతాడో మాత్రం ఇన్నేళ్లుగా ఆమెకు తెలియదు. ఆ వేళకు పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి.

ఇవాళ రఘునాథ్ పుట్టినరోజు. మరిది, తోడికోడలు కల్పలత వచ్చారు. అనుపమ ట్రేతో వచ్చేసరికి రఘునాథ్ సినిమా ఆపి, ఫోన్‌ను టీవీకి కలిపాడు. "ఆగుండ్రి, ఇగ మన ఇంటి సినిమా!"

నలుపూ తెలుపూ బొమ్మ, వెనక పియానో. బకెట్టుతో ఒక ఆడమనిషి గబగబా వచ్చింది, జారింది, బోర్లా పడింది. రెండు నల్లబూట్లు మెరుపులా ఆమెను దాటిపోయాయి. అందరూ పడీపడీ నవ్వారు. అనుపమా నవ్వింది. ఆ తర్వాతే తన చీర గుర్తుపట్టింది.

తల్లిని ఆఫీసు నుంచి చూసుకోవచ్చని అతను హాల్లో పెట్టించిన కెమెరాలోది. అత్తగారి స్నానానికి నీళ్లు మోస్తూ తను పడిన ఉదయం. కళ్లు బైర్లు కమ్మి ఏమీ తెలియలేదు. మణికట్టు విరిగింది. "జెర చూస్కొని నడవాలె గదా. నేనప్పటికే మెట్రోల ఉన్న, లేకుంటే లేపకపోదునా?" అన్నాడు రఘునాథ్ ఆ రోజు. ఆరు వారాలు ఒంటిచేత్తో చపాతీలు ఒత్తుతూ ఆమె ఆ మాట నమ్మింది.

"రఘూ, ఆ బూట్లెవరివిరా?" అంది కాంతమణి గట్టిగా. నవ్వనిది ఆవిడొక్కతే.

అనుపమ ట్రే దింపి, ఫోన్ అందుకుంది. కెమెరాలోని అసలు రికార్డింగ్ వెతికి పెట్టింది. పియానో లేదు. మామూలు స్పీడ్.

బూట్లు పడగ్గది లోంచి వచ్చి, పడివున్న ఆమె దగ్గర ఆగాయి. రెండు చేతులు కిందికి దిగాయి. లేపడానికే అనిపించింది. అవి ప్యాంటు అంచులు తడవకుండా పైకి లాక్కున్నాయి. బూట్లు ఆమె చేతిని దాటి, గుమ్మం దాటాయి. ఆమె అలాగే ఉంది. చాలాసేపు అలాగే ఉంది.

"ఆఫీసుకు లేటయితుండె, అనూ..."

"అందుకేనా స్పీడ్ పెంచినవ్?"

అనుపమ ఆగిపోయిన సినిమా మళ్లీ పెట్టింది.

"అక్కా, చాయ్ సల్లారింది," అంది కల్పలత మెల్లగా.

"వేడి చేస్కోండ్రి. నేను సినిమా చూస్తున్న."

కాంతమణి సోఫాలో కాస్త జరిగి చోటిచ్చింది.