కుడివైపు గుడ్లగూబ

పరిశీలకురాలు వచ్చే వేళయింది. బడి మెట్ల మీద ఆరు గుడ్లగూబలు వరసగా కూర్చున్నాయి. మార్లిస్ నెత్తి పట్టుకుంది. ఆమెకు కావలసింది ఒక్కటే.

మిన్నెసోటాలోని ఆ ఊరి హైస్కూలు వందేళ్ళనాటిది. ఎర్ర ఇటుక గోడలు, మగపిల్లలకో ద్వారం, ఆడపిల్లలకో ద్వారం, నడుమ పెద్ద కమాను. కమానుకు చెరోవైపు గూట్లో కాల్చిన మట్టి గుడ్లగూబ ఉండేది. కుడివైపుది ఏనాడో మాయమైంది. చదువు ముగించే ప్రతి తరగతీ దాన్ని దొంగచాటుగా అందుకుని, ఫోటో దిగి, తర్వాతివాళ్ళకు అప్పగించాలి. అదీ ఆనవాయితీ.

గుడ్లగూబలు రెండూ చోట ఉంటేనే పరిశీలకురాలు ఈ రోజు భవనాన్ని వారసత్వ జాబితాకు ఎక్కిస్తుంది. లేదంటే సాయంత్రం బడి బోర్డు కూల్చివేతకు ఓటేస్తుంది. అందుకే చరిత్ర పాఠాలు చెప్పే మార్లిస్ నిన్నటి ఫుట్‌బాల్ ఆటలో మైకు లాక్కుంది. "గూబ ఎవరి దగ్గరున్నా తెచ్చెయ్యండి, ఒక్క మాటా అనను!" అని అరిచింది.

తెచ్చేశారు. ఒకరు కాదు.

"మాదే అసలుది," అన్నాడు మంగలి లైల్.

"చాల్లే, దాని ముక్కు బంగాళాదుంపలా ఉంది!" అంది నర్సు ఆర్డిస్.

"మరి మీదో?"

ఆర్డిస్ గొంతు తగ్గించింది. "మా తరగతికసలు అందనే లేదు. పరువు పోతుందని సిమెంటుతో పోశాం."

"మీరూనా!" అన్నారు మిగతావాళ్ళంతా ఒక్కసారే.

మెట్లన్నీ నవ్వులతో దద్దరిల్లాయి. అప్పుడే వచ్చిన పరిశీలకురాలు కోవాల్స్కీ పాత నక్షా విప్పి చూసింది.

"జంట ఒకదాన్నొకటి చూసుకోవాలి. మీరంతా ఎడమదానికే అచ్చు తీశారు. ఇవి పెడితే మొహం తిప్పుకున్నట్టుంటాయి."

మార్లిస్ ఆరింటినీ ఒక్కొక్కటే చూసింది; అన్నీ కుడికే చూస్తున్నాయి.

అంతలో హారన్ మోత. బోర్డు అధ్యక్షుడి భార్య లవోన్ ట్రక్కు దూసుకొచ్చింది. పక్క సీట్లో బెల్టు కట్టుకుని, ఉన్ని టోపీ పెట్టుకుని ఓ గుడ్లగూబ. అది ఎడమకి చూస్తోంది! వెనకాలే రొప్పుతూ అధ్యక్షుడు ఓర్విల్. కూల్చేద్దామని ఊరంతా పోరుపెడుతున్నది ఆయనే.

"గ్యారేజీలో దాచాడమ్మా," అంది లవోన్. "వారం వారం దానికి స్నానం. నా పుట్టినరోజు మాత్రం గుర్తుండదు!"

"తర్వాతివాళ్ళు పగలగొడతారని ఇవ్వలేదు," గొణిగాడు ఓర్విల్. "ఎవరూ ముట్టుకోకండి, నేనే పెడతా!"

నిచ్చెనెక్కాడు. కింద మార్లిస్ పట్టుకుంది. గుడ్లగూబ గూట్లో చక్కగా ఒదిగింది. కోవాల్స్కీ నవ్వుతూ ఫోటో తీసి, "ఇక నా వైపు నుంచి అడ్డేం లేదు," అంది.

"ఓర్విల్, సాయంత్రం ఓటు ఎటు?" అడిగింది మార్లిస్, నిచ్చెనను కాస్త ఊపుతూ.

"ఓసి నీ దుంపతెగ, కదపకే! ఇంత జాగ్రత్తగా పెట్టాక ఈ గోడ మీద ఎవడైనా చెయ్యేస్తే ఊరుకుంటానా?"

కింద ఊరంతా ఈలలు వేసింది. ఓర్విల్ మాత్రం గుడ్లగూబ టోపీ సర్దుతూనే ఉన్నాడు.