ఐదు కంచాలు

కొండల్లోకి వెళ్లాలన్న ఆలోచన అతనిది. ఆ ఆలోచన ఒక్కటి తప్ప మిగతాదంతా ఆమెది.

ఆఫీసులో పక్కసీటాయన కుటుంబంతో టెంటు ముందు నిలబడి దిగిన ఫొటోలు చూపించాడట. ఆ సాయంత్రం అతను గుమ్మంలో బూట్లు విప్పుతూనే ప్రకటించేశాడు. "ఈ సెలవులకి మనమూ వెళ్తున్నాం. కార్లోనే. తొమ్మిది రోజులు, మూడు నేషనల్ పార్కులు. పడక టెంట్లలోనే!" పిల్లలిద్దరూ గంతులేశారు. ఒక ఉద్యోగం మానేసి, ఇంకోటి దొరికేలోగా రెండు నెలలుగా వాళ్లింట్లోనే ఉంటున్న మరిది, సోఫాలోంచి లేవకుండానే చప్పట్లు కొట్టాడు. అత్తగారు మాత్రం "ఈ మోకాళ్లతోనా?" అంది. "నీకెందుకమ్మా, అన్నీ అది చూసుకుంటుందిలే" అన్నాడు అతను. అది అంటే ఆమె. వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఉంది.

చూసుకోవడం! ఎంత చిన్న మాట, దాని కడుపులో ఎంత చాకిరీ. మలుపులొస్తే చిన్నాడికి వాంతులు, కాబట్టి వాడు కిటికీ పక్కన, వాడి ఒళ్లో ప్లాస్టిక్ సంచి. అత్తగారికి నేలమీద కూర్చుంటే లేవడం కష్టం, కాబట్టి మడత కుర్చీ. మరిదికి గోధుమ పడదు, భర్తకి కాఫీ లేకపోతే తల పనిచెయ్యదు. పెద్దదానికి పద్నాలుగేళ్లు, నెలసరి సరిగ్గా ఆ వారంలోనే. ఏ రోడ్డులో ఎన్ని కిలోమీటర్లకి పెట్రోలు బంకు ఉంది, ఎక్కడ ఆడవాళ్లు వెళ్లదగిన బాత్రూము ఉంది, వానొస్తే ఎక్కడ తలదాచుకోవాలి, ఎలుగుబంట్లు వాసనకి రాకుండా తిండి దాచే ఇనపడబ్బా ఎవరు అద్దెకిస్తారు. ఆఫీసు బస్సులో ఒక చెయ్యి కమ్మీకి తగిలించి, రెండో చేత్తో ఫోనులో వెతికింది. కొత్త టెంటు ఎలా వేస్తారో తెలియాలి కదా అని ఆదివారం మధ్యాహ్నం డాబా మీదికి మోసుకెళ్లి, అందరూ కునుకు తీస్తుంటే ఒక్కతే మూడుసార్లు వేసి మూడుసార్లు విప్పింది. నాలుగోసారి వేసేసరికి అతను పైకొచ్చి, ఆ టెంటు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. తీసింది కూడా ఆమే. ఆ ఫొటో కింద స్నేహితులు "ఏం ప్లానింగ్ గురూ!" అని రాశారు.

నిజం చెప్పొద్దూ, ఇంత చాకిరీలో ఆమెకొక స్వార్థం ఉంది. మూడో పార్కు ఎంచింది ఆమే, ఎంచిందని ఎవరికీ చెప్పలేదు.

ఆమె సర్వే కార్యాలయంలో మ్యాపులు గీస్తుంది. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ సాగే గోధుమరంగు గీతలు, వాటి మధ్య నీలం గీతలుగా వాగులు. పదమూడేళ్లుగా ఎన్ని కొండలు గీసిందో ఆమెకే తెలియదు, ఒక్కటీ ఎక్కలేదు. ఫీల్డుకి వెళ్లి కొలిచి వచ్చేవాళ్లు మగవాళ్లు. చేరిన కొత్తల్లో తనూ వెళ్తానని అడిగితే సెక్షన్ పెద్దాయన నవ్వి, "మీకు ఇంట్లో ఇబ్బందమ్మా. అయినా ఈ సన్నపనికి ఆడవాళ్ల ఓపిక కావాలి" అన్నాడు. ఆ మాటకి ఆమె కొన్నేళ్లు కృతజ్ఞతగా కూడా ఉంది, ఖర్మ. మ్యాపు కింది మూల పేరుండేది కొలిచినవాడిది. గీసినవాళ్ల పేరు రాయడం అక్కడ ఆనవాయితీ కాదు.

ఆ గీసినవాటిలో ఒక కొండ మాత్రం ఆమెని పట్టుకుని వదలలేదు. శిఖరానికి కాస్త దిగువన, గీతలన్నీ ఒకదాని మీద ఒకటి ఇరుక్కున్నచోట, బొటనవేలి గోరంత నీలం. ఒక సరస్సు. పాత మ్యాపులో అది లేదు. విమానం నుంచి తీసిన ఫొటోల్లో నీడ అనుకుని అందరూ వదిలేసిన దాన్ని, నీడ కాదు నీళ్లేనని పట్టుకుంది ఆమె. పెద్దాయన "భేష్" అని ఆ భేషు పై ఆఫీసుకి తన పేరుతో పంపుకున్నాడు. పోనీ. నీళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి కదా. ఒడ్డున నిలబడి, చెప్పులు విప్పి, ఒక్కసారి పాదం పెట్టి చూడాలి. తొమ్మిది రోజుల్లో ఏడో రోజు, మూడో పార్కులో, కింది క్యాంపు నుంచి మూడు గంటల నడక. ప్లానులో ఆ రోజు మీద ఆమె పెన్ను ఎప్పుడూ కాస్త ఎక్కువసేపు ఆగేది.

ఆ ఏడో రోజు గురించి అతను ఒక రాత్రి భోజనాల దగ్గర తేల్చేశాడు. "నేనూ, తమ్ముడూ, పిల్లలూ పైకెళ్లొస్తాం. నువ్వు అమ్మ దగ్గరుండు. మేం దిగేసరికి ఏదైనా వేడిగా వండితే బావుంటుంది. ఎలాగూ నువ్వు కొండలెక్కే మనిషివి కాదుగా." కొండలెక్కే మనుషులు ఎలా ఉంటారో, వాళ్లకి కాళ్లు ఎన్ని ఉంటాయో అడగాలనిపించింది ఆమెకి. అప్పుడే చిన్నాడు నీళ్లడిగాడు.

ఆ రాత్రి నుంచి ఆమెకి నిలకడ లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికో పోవాలని. ఆఫీసులో గీసిన గీతే మళ్లీ గీసింది. జాబితాని ఫ్రిజ్ మీద అంటించి, మళ్లీ తీసి, ఇంకా వివరంగా రాసి, మళ్లీ అంటించింది. అత్తగారి మాత్రలు ఏ పూట ఏ రంగువో, స్టవ్వు వెలిగించడానికి ఏ మర ఎటు తిప్పాలో, ఎవరి సాక్సులు ఏ సంచిలోనో. పక్కనే మూడో పార్కు వాళ్ల పర్మిట్ కూడా పెట్టింది. ఆ పార్కు వాళ్లు కార్లని కాదు, తలల్ని లెక్కపెడతారు. రోజుకి ఇన్ని తలలని కోటా. బుకింగ్ తెరిచే రోజు ఉదయం ఎనిమిదింటికి, పొయ్యి మీద పాలు చూస్తూనే ఫోనులో పేర్లు టకటకా కొట్టి సంపాదించిందది. ఆ రోజు పాలు పొంగలేదు, పర్మిట్ చేజారలేదు. లోలోపల తనని తనే మెచ్చుకుంది.

పర్మిట్ మూడు వారాలు ఫ్రిజ్ మీద ఉంది. ఆ తలుపు రోజుకి ఎన్నిసార్లు తెరుస్తారో ఆ ఇంట్లో!

ఒక శనివారం పొద్దున టిఫిన్ల వేళ పెద్దది చల్లనీళ్లకోసం లేచి, తలుపు దగ్గరే ఆగిపోయింది. "అమ్మా, ఇందులో నీ పేరేదీ?"

"ఉంటుంది, సరిగ్గా చూడు."

"చూశాను. నాన్న, బాబాయి, నాన్నమ్మ, నేను, తమ్ముడు. ఐదుగురం. అంతే."

ఆమె గరిటె పట్టుకునే వచ్చి చూసింది. ఐదు. మళ్లీ చూసింది. ఐదే. వెనక్కి తిరిగితే బల్ల మీద ఐదు కంచాలున్నాయి. ఆ బల్లకి ఆరు కుర్చీలు, ఆరోదాని మీద ఎప్పుడూ ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు. ఆమె తినేది అందరూ లేచాక, వంటింటి గట్టు దగ్గర నిలబడి, గిన్నెలో మిగిలింది. పదహారేళ్లుగా ఇంట్లోవాళ్లని ఆమె లెక్కపెట్టింది బల్ల మీది కంచాలతోనే. ఆ పొద్దున పేర్లు కొట్టమంటే వేళ్లు అలవాటుగా ఐదు కంచాలు పెట్టేసి వచ్చాయి.

మరిది పకపకా నవ్వాడు. "ఏరు దాటి తనని తాను లెక్కపెట్టుకోని శిష్యుడి కథలా ఉంది వదినా!"

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట" అన్నాడు అతను, నోట్లో ముద్దతో. "ఏముంది, సోమవారం ఫోన్ చేసి సరిచేయించు."

ఆమె కూడా నవ్వింది, నవ్వాలి కాబట్టి. కానీ ఆ కథలో ప్రతివాడూ తనని మరిచిపోయాడు సరే, పక్కవాణ్ణయితే లెక్కపెట్టాడు. ఇక్కడ ఐదుగురు మనుషులు, మూడు వారాలు. ఒక్కరికీ వెలితి కనపడలేదే? కోపం వచ్చింది. అందరికంటే ముందు తన మీదే వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద కూర్చుని పార్కు వాళ్లకి ఫోన్ చేసింది. అవతల ఒక ఆడగొంతు, హడావుడి మనిషి.

"ఆ రెండు రోజులకీ కోటా అయిపోయింది మేడమ్. కొత్త పేరు చేర్చడం కుదరదు. ఒకరి పేరు తీసి ఇంకొకరిది పెట్టచ్చు. ఎవరికి కావాలి?"

"నాకే."

"బుక్ చేసింది మీరే కదా?"

"అవునండీ."

అవతలి గొంతు హడావుడి తగ్గించుకుంది. "వారానికొకరైనా ఇలా చేస్తారు మేడమ్. అందరూ ఆడవాళ్లే." కాసేపు కీబోర్డు చప్పుడు. "ఒకటి చెప్పనా? పైన సరస్సు ఒడ్డున, ఒక్క మనిషి టెంటుకి సరిపోయే చోటు ఒకటుంది. ఒక్కరి కోసం ఎవరూ అడగరు కాబట్టి మిగిలింది. కారు రాదు, సామాను వీపు మీద మోసుకెళ్లాలి. రెండు రాత్రులు. రాసుకోమంటారా?"

ఇంట్లో అడిగి చెప్తాను అనే మాట నాలుక చివరదాకా వచ్చింది. అది ఎప్పుడూ అక్కడే కాపురం ఉంటుంది. ఆమె మెట్ల కమ్మీని గట్టిగా పట్టుకుంది. "రాసుకోండి" అంది. అవతలి మనిషి పేరు అడిగితే, తన పేరు అక్షరం అక్షరం విడమరిచి చెప్పింది.

ఆ సాయంత్రం విషయం విని అతను ముందు బిత్తరపోయాడు, తర్వాత ముఖం విప్పారింది. "మంచిదేగా! పేరు మార్చచ్చన్నారు కదా? ఆ పైచోటు తమ్ముడికి ఇద్దాం, వాడికి ట్రెక్కింగంటే సరదా. వాడి స్థానంలో నువ్వు కింద మాతో ఉంటావు. అందరికీ సరిపోతుంది."

"సూపర్ ఐడియా అన్నయ్యా" అన్నాడు మరిది, అప్పుడే వీపుకి సంచి తగిలించుకున్నవాడిలా. "థ్యాంక్స్ వదినా!"

నిజమే, సరిపోతుంది. ఆమె ఎక్కడికెళ్లినా ఆమెని తీసి ఇంకొకరిని పెడితే అందరికీ చక్కగా సరిపోతుంది. 'సరేలెండి' అన్న మాట నోట్లో తయారుగానే ఉంది. అనేస్తే రాత్రి అందరూ సంతోషంగా తింటారు. ఇంత చిన్న విషయానికి ఇంత భయమేమిటని సిగ్గు వేసింది.

"లేదు" అంది. "అది నా పేరు మీదుంది. నేనే వెళ్తాను."

"మరి రెండు రోజులు వంట? అమ్మ మాత్రలు? చిన్నాడు?"

"అన్నీ లిస్టులో రాశానండీ. ఫ్రిజ్ మీదే ఉంది. చదివితే చాలు."

"నువ్వు లేకుండా మేమేం వెళ్తాం! ఇదేం చోద్యం?"

"ఆ పర్మిట్లో మీరు నేను లేకుండానే వెళ్తున్నారు కదండీ. మూడు వారాల్నుంచీ." ఆమె ఫ్రిజ్ మీది కాగితం వైపు చెయ్యి చూపించింది. "ఏడో రోజు మీరంతా ఎలాగూ పైకి వస్తారు. వస్తే టీ ఇస్తాను. మీ గ్లాసులు మీరే తెచ్చుకోండి."

పెద్దది కిసుక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను ఎవరైనా తన పక్షాన మాట్లాడతారేమోనని తల్లి వైపు చూశాడు.

అత్తగారు మోకాలు రాసుకుంటూ కోడల్ని చాలాసేపు చూసింది. "ఒక్కదానివే పడుకుంటావా? భయం వెయ్యదూ?"

"ఏమో అత్తయ్యా. ఎప్పుడూ పడుకోలేదుగా, తెలీదు."

"నేనూ పడుకోలేదు" అంది ఆవిడ. వెంటనే సర్దుకుని, "అయినా ఆ నీలం మాత్ర పొద్దున వేసుకోవాలా రాత్రా? వాళ్లకి తెలిసి చావదు" అని కొడుకుల వైపు తిరిగింది. "లేవండ్రా, ఎవరో ఒకళ్లు వెళ్లి చదవండి." ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మరిది లేచాడు.

బయలుదేరే ముందురోజు పొద్దున అందరి సంచులూ సర్దడం అయింది. ఆఖరున ఆమె తన సంచి విప్పింది. ఒక కంచం, ఒక గిన్నె, ఒక గ్లాసు పెట్టుకుంది. బియ్యం డబ్బా మూత తీసి, చేతిసంచి పక్కన పెట్టుకుని, అలా నిలబడిపోయింది. ఐదుగురికి ఎంత పొయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. పోసినదాంట్లో మిగిలితే తనది. కానీ ఒక్క మనిషికి, ఒక పూటకి, అచ్చంగా తనకి ఎంత? పెళ్లయిన వారానికి కంచంలో రెండోసారి వడ్డించుకుంటుంటే అత్తగారు అన్న మాట గుర్తొచ్చింది: "ఆడపిల్లకి అంత ఆకలేమిటమ్మా!" ఆ పూటే ఆమె గట్టు దగ్గరికి మారింది, మళ్లీ బల్ల దగ్గరికి రాలేదు.

గ్లాసులో సగం పోసింది. చూసి, ఎక్కువేమో అనిపించి కొంచెం తీసేసింది.

తర్వాత గుర్తొచ్చింది, తనకి ఆకలెక్కువ. గ్లాసు నిండా పోసింది.