సిరా పడని గీతలు

భోజనాల బల్ల తుడవడంలో నాకో పద్ధతి ఉంది. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, ఆ తర్వాత అరచేత్తో ఓసారి నిమిరి చూసుకోవడం. ఎక్కడైనా జిడ్డు తగిలిందా, మళ్లీ మొదటికే. మా అత్తగారు చూసినప్పుడల్లా "బల్లకి ఇంత సేవ చేస్తున్నావు, ఆ చేసేదేదో నీ మొగుడికి చెయ్యకూడదూ?" అంటుంది. ఈ సేవంతా ఆవిడ కొడుక్కేనని చెప్పినా ఆవిడకి ఎక్కదు. కాసేపట్లో ఈ బల్ల మీదే ఆయన గీసిన కామిక్ పేజీలు పరవాలి. చుక్క నూనె అంటినా కాగితానికి సిరా పట్టదు.

మాకు వెనక పెద్ద కంపెనీలేవీ లేవు. మేమే గీసుకుని, మేమే అచ్చు వేయించుకుని, పుస్తకాల సంతల్లో మేమే అమ్ముకుంటాం. మేమే అన్నానా? అట్ట మీద మాత్రం ఆయన పేరొక్కటే. చివరి పేజీలో ప్రెస్సు చిరునామా కింద 'సహకారం: శ్రీమతి' అని చీమతలకాయంత అక్షరాలుంటాయి. వాటిని రాసేదీ నేనే.

ఆయన పెన్సిల్‌తో బొమ్మ గీస్తాడు. నలుపు నింపాల్సిన చోట ఇంటూ గుర్తు పెడతాడు. గీతల మీద సిరా పెట్టడం, ఇంటూలు నింపడం, మాటల బుడగల్లో మాటలు రాయడం, అంతా ఆరాక పెన్సిల్ చెరపడం నా వంతు. బుడగలు ఎప్పుడూ ఖాళీగానే వస్తాయి. "ఆడపిల్లలు ఏం మాట్లాడుకుంటారో నాకేం తెలుసు, ఏదో ఒకటి రాసెయ్" అంటాడు. రెండో సంచికప్పుడు పాలు పొంగుతున్నాయని అత్తగారు కేకేస్తే లేచి పరిగెత్తాను. మోచెయ్యి తగిలి సిరాబుడ్డి పేజీలోని ఇన్‌స్పెక్టర్ మొహం మీద బోర్లా పడింది. ఇక చేసేదేముంది, మొహమంతా నల్లగా నింపేశాను. చదివినవాళ్లంతా మొహం లేని ఆ ఇన్‌స్పెక్టర్‌ని తెగ మెచ్చుకున్నారు. సంతలో మైకు పట్టుకుని మా ఆయన "అధికారానికి మొహం ఉండదని చెప్పడం నా ఉద్దేశం" అన్నాడు. నేను స్టాల్ వెనక పుస్తకాలు సర్దుతూ పొంగిన పాలని తలుచుకుని నవ్వుకున్నాను. అప్పటికింకా నవ్వొచ్చేది.

కథ ముగ్గురు పదిహేనేళ్ల అమ్మాయిలది. పొట్టిది, బొంగురు, మసి. బడి అయ్యాక ఒక బట్టల దుకాణంలో మడతలు పెట్టే పని. ఓనరు సరుకు చూడాలంటూ ఒక్కొక్కర్నే మేడ మీది గోడౌనుకి పిలుస్తుంటాడు. ఒకరోజు బొంగురు ఒక్కతే వెళ్లాల్సిన చోటికి ముగ్గురూ వెళ్తారు. ఓనరు మెట్ల మీంచి దొర్లి కాలు విరగ్గొట్టుకుంటాడు. అక్కణ్ణించి పరుగులు, దాక్కోవడాలు, పోలీసులు. నాలుగు సంచికలు ఇదే.

ఆ మసిని నేనే. వేళ్లకి ఎప్పుడూ ఇంకు మరకలుండేవని పెట్టిన పేరు. ఓనర్ని తోసింది కూడా నేనే. ఇప్పుడు వాడు ఎదురుపడి అదే పని చేసినా మళ్లీ తోస్తాను. స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ బల్ల గుద్ది "ఎవరు చేశారిది?" అని గద్దించాడు. నేను నోరు తెరిచేలోపే పొట్టిది "నేనే" అంది. "కాదు సార్, నేను" అంది బొంగురు. నా నేరం నేను ఒప్పుకోవడానికి మూడోదాన్నయ్యాను. సాయంత్రం దాకా అరిచి, బెదిరించి, ఇన్‌స్పెక్టరే విసిగిపోయి మమ్మల్ని ఇళ్లకి పంపించాడు. నా జీవితంలో నా పక్కన ఎవరైనా అలా నిలబడింది ఆ ఒక్కసారే. పెళ్లైన కొత్తలో ఇదంతా చెబితే మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "దీన్లో మంచి క్రైమ్ కామిక్ ఉంది" అన్నాడు. నా మాట అంత శ్రద్ధగా వినే మొగుడు దొరికాడని పొంగిపోయాను.

ఈ మధ్యాహ్నం చివరి సంచికలోని చివరి పేజీ పరిచాడు. అదే స్టేషను, అదే బల్ల. మసి చెయ్యి చాచి పొట్టిదాని వైపు వేలు చూపిస్తోంది. ముందుపళ్ల మధ్య నా సందు కూడా వదలకుండా గీశాడు.

"ఇలా జరగలేదు కదండీ" అన్నాను.

"ముగ్గురూ నేనే నేనే అంటే సస్పెన్స్ ఏముంటుంది? ఒకతి పట్టివ్వాలి. అయినా ఆడవాళ్ల స్నేహం ఎంతకాలం, పెళ్లయ్యేదాకానేగా?"

"అది నా స్నేహితురాలు. ఆ మొహం నాది."

"జరిగింది ఎవడిక్కావాలి, ఇది నా కథ. సిరా పెట్టడమేగా నీ పని, దానికింత రాద్ధాంతమా? సాయంత్రం ప్రెస్సుకి ఇవ్వాలి, కానివ్వు" అని లోపలికెళ్లి పడుకున్నాడు.

పొట్టిది ఇప్పుడు బస్సు నడుపుతుంది. బొంగురు పిల్లలకి సంగీతం చెబుతోంది, నమ్మండి నమ్మకపోండి. పొట్టిది పొద్దున్నే ఫోన్ చేసి "చివర్లో మనల్ని ఏం చేస్తున్నారే?" అని అడిగింది. చూస్తూ ఉండమన్నాను. దాని చేతిలో ఈ పేజీ పెడితే అది నన్ను ఒక్క మాట కూడా అనదు. అదే నేను భరించలేను.

గోడ మీద, కుర్చీల మీద, మొహం లేని ఇన్‌స్పెక్టర్ మీద సిరా పెట్టాను. మసి భుజం దాకా వచ్చి కలం ఆగిపోయింది. ఎంత సేపటికీ కదలదు. ఇన్నేళ్లూ ఆయన గీత ఎక్కడికి పోతే నా కలం అక్కడికే పోయింది. కానీ చివరికి చెరిగిపోయేది పెన్సిలే కదా. నేను సిరా పెట్టనిది ఏదీ అచ్చులోకి వెళ్లలేదు, ఒక్క కనురెప్ప కూడా. ఇంత తేలిక విషయం ఈ బల్ల దగ్గర కూర్చుని ఇన్నాళ్లూ నాకు తట్టలేదంటే ఒళ్లు మండింది, ముందు ఆయన మీద, తర్వాత నా మీద. "పాలు!" అని అత్తగారు కేకేసింది. "మీరే దించండత్తయ్యా, నా చేతిలో పనుంది" అన్నాను. పెళ్లయ్యాక ఆ మాట అనడం ఇదే మొదలు. పాలు ఆవిడే దించింది.

చాచిన చేతిని వదిలేశాను. మోచెయ్యి మడిచి, వేలు తన గుండె మీదే పెట్టుకున్న మసిని గీశాను. బొమ్మలు గీసి ఎన్నేళ్లయిందో, గీత కాస్త వంకర పోయింది. పోనీ. మూడు బుడగల్లోనూ ఒకటే మాట రాశాను. అంతా ఆరాక రబ్బరు తీసుకుని ఆయన గీసిన చెయ్యి మొత్తం చెరిపేసి, పొట్టు ఊదేశాను. కింద 'సహకారం' ఉండే చోట 'కథ: పొట్టిది, బొంగురు, మసి. మాటలు, సిరా: మసి' అని అందరికీ కనబడేంత పెద్దగా రాశాను. ప్రెస్సుకి వెళ్లాల్సిన అట్ట కూడా పక్కనే ఉంది, దాని మీద ఆయన పేరు ముట్టుకోలేదు. ఆ పేరు ముందు 'పెన్సిల్' అని మాత్రం చేర్చాను.

ఆయన లేచి వచ్చేసరికి పేజీ దాచలేదు, తిప్పి పెట్టలేదు. బల్ల మధ్యలోనే ఉంచి ఎదురుగా కూర్చున్నాను. ముందు చెయ్యి చూశాడు, తర్వాత బుడగలు, ఆ తర్వాత కింది అక్షరాలు. బల్ల మీద అరచెయ్యి గుద్దాడు.

"ఎవరు చేశారిది?"

ఈసారి నాకంటే ముందు చెప్పేవాళ్లు లేరు.

"నేనే" అన్నాను.