తివాచీ వెనక గోడ

ఇల్లు చెమ్మగా ఉందని మా అమ్మ తుడా అన్నందుకు, కాంట్రాక్టరు సీ జలాల్ అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకుని మా ఇంటి గోడకు బయటివైపు ఆనించాడు. "చూడు లల్లా, పొడిగా లేదూ? తడి గోడలో లేదు, నీ వంటలో ఉంది. తలుపులు బిగించుకుని మాంసం ఉడకేస్తే ఆవిరి ఎక్కడికి పోతుంది? ఫ్యాక్టరీ ఇంట్లో ఉండడం నేర్చుకోవాలి. ఇది మేకల కొట్టం కాదు."

పెద్దవాళ్లను గౌరవంగా పిలిచే 'లల్లా' అన్న మాట మాత్రం వదల్లేదు. అమ్మ చెయ్యి లాక్కుని శాలువాలో దాచుకుంది. మేమంతా నేలచూపులు చూశాం.

భూకంపానికి మట్టి ఇళ్లు కూలాక మా కొండకు లారీల్లో గోడలొచ్చాయి. రెండు చెక్కల మధ్య థర్మోకోల్ లాంటి తెల్లటి నురుగు బిగించిన పలకలు. నలుగురు ఎత్తి నిలబెడితే గోడ. నిలబెట్టింది మేమే, కూలి లేకుండా. "ఇది మీ తివీజా కదా" అన్నాడు సీ జలాల్. ఊరంతా కలిసి ఒకరి పని చేసిపెట్టడమే మాకు తివీజా. అందులో కూలి అడిగినవాడు తలెత్తుకు తిరగలేడు. అది అతనికి తెలుసు. అతుకులు పూడ్చే పని మాత్రం తన మనుషులు చేస్తారన్నాడు.

చలి మొదలవగానే మా గోడకు నల్లటి బూజు పట్టింది. నా భార్య ఇత్తో దాని మీద పెళ్లినాటి తివాచీ వేలాడదీసింది. తడిసిన దుప్పట్లు ఇంట్లోనే ఆరేసింది. ఎవరైనా వస్తే, మా పసిదాని దగ్గు వినపడకుండా నేను గొంతు పెంచి మాట్లాడేవాణ్ణి. బిడ్డ ఊపిరికన్నా నా పరువును ఎక్కువ కాచుకుంటున్నానని తెలుసు. తెలిసీ ఇంకా గట్టిగా మాట్లాడేవాణ్ణి.

ఆ రోజు కాంట్రాక్టరు వెళ్లాక ఒంటరివాడు హమ్ము మమ్మల్ని టీకి పిలిచాడు. అతని గోడ మీదా తివాచీ ఉంది. అమ్మ గ్లాసు కింద పెట్టి, లేచి, దాని అంచు ఎత్తింది. వెనక గోడ బొగ్గులా ఉంది.

హమ్ము మొహం పాలిపోయింది. "నా వంట వల్లే లల్లా. ఎవరికీ చెప్పకు."

"నువ్వు వండేదేముందిరా? రోజూ మా ఇంట్లోనేగా మేస్తావు."

అక్కణ్ణుంచి ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో ఒక తివాచీ, దాని వెనక బూజు, ముందు ఒక సాకు. పిల్లల ఊపిరంది ఒకావిడ. తన స్నానం వల్లనుకున్నాడు ఇంకొకాయన. చివరి ఇంటికొచ్చేసరికి నవ్వొచ్చింది. తర్వాత ఎవరమూ ఎవరి మొహమూ చూడలేకపోయాం.

"పై ఊరివాళ్లు ఇంకా గుడారాల్లోనే ఉన్నారు," అన్నాడు హమ్ము. "మనం నోరెత్తితే వాళ్లకి ఈ ఇళ్లూ రావు."

"నోరెత్తకపోతే ఇవే వస్తాయి," అంది ఇత్తో.

అమ్మ తేల్చేసింది. "రేపు తివీజా. మా గోడ విప్పుతున్నాం."

పైకప్పుకు దుంగలు ఆనించి పలక ఊడదీశాం. అతుకులో పూడ్చాల్సింది ఏదీ పూడ్చలేదు. చెక్క పులుసులో నానిన రొట్టెలా ఉబ్బింది. మోసుకెళ్లి, ఇళ్లు మంజూరు చేసే అధికారులు పై ఊరికి వెళ్లే దారిలో, నల్ల మొహం బయటికి పెట్టి నిలబెట్టాం.

అధికారులకన్నా ముందు జండార్ము పోలీసుల జీపొచ్చింది.

"ఎవరు విప్పారు? పేరు చెప్పండి."

"తివీజాలో పేరుండదు నాయనా," అంది అమ్మ. "నిలబెట్టినప్పుడూ మా పేర్లెవరూ అడగలేదు."

ఆమెనే జీపెక్కించారు. దుమ్ము అణగకముందే పై ఊరి మగవాళ్లు గుడారాల్లోంచి దిగొచ్చారు. పలకను తడిమి చూసి, చేతులు బట్టలకు తుడుచుకున్నారు.

"తర్వాత ఎవరిల్లు?" అని అడిగారు.

హమ్ము తన తలుపు తీశాడు. ఇత్తో మా ఇంటి కంతకు తివాచీ కడుతోంది, ఈసారి గాలి ఆపడానికి. లోపల పసిది దగ్గింది. దగ్గు రోడ్డు దాకా వినిపించింది. అందరూ అటు తిరిగారు. నా చెవులు మండాయి. నేను గొంతు పెంచలేదు.