ఎప్పుడొస్తావని అడగని ఇల్లు

నా మనవరాలు వీరదుర్గ జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగానికి వెళ్ళాలని ఏడు నెలలుగా కాకినాడలో ఆ భాష నేర్చుకుంటోంది. పొద్దున్నే బస్సుకు వెళ్ళేలోపు తన నోట్‌బుక్కు నా ఒళ్ళో పడేసి పాఠం అప్పజెప్పేది. జపాన్ మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాసుకుంది. నేను ఎండుచేపలు పొట్లం కట్టే పాత పేపర్లు చూసి చదువు నేర్చుకున్నదాన్ని. అర్థం తెలియకపోయినా అక్షరం తప్పితే పట్టుకోగలను.

మొదట్లో దుర్గ ఒక్కో మాటా విడిగా చెప్పేది. నాయనమ్మ దయగలది. నాయనమ్మ హుషారు. "చంటిపిల్లలా ముక్కలు ముక్కలుగా మాట్లాడితే ఉద్యోగం ఎవరిస్తారు, కలిపి చెప్పు" అన్నారట వాళ్ళ టీచరు క్రిస్టినా గారు. కలపడానికో పద్ధతి ఉంది. దయను చెప్పే 'యసషీ' చివర మార్చి 'యసషికుతె' అంటే అది పక్క మాటను అందుకుంటుంది. హుషారును చెప్పే 'గెంకి'కి మాత్రం 'దె' చేర్చాలి.

"యసషికుతె, గెంకిదె, ఒమొషిరొయి" అంది దుర్గ ఒకరోజు. "నువ్వు దయగలదానివి, హుషారైనదానివి, సరదా మనిషివి అని."

"ముసలిదాన్నని కూడా కలపవే. అబద్ధం దేనికి?"

"అలా కలపకూడదు నాయనమ్మా. మంచికి మంచే కలపాలి. మంచి పక్కన చెడ్డ చెప్పాలంటే మధ్యలో 'కానీ' పెట్టాలి."

"అయితే ముసలితనం చెడ్డదన్నమాట. ఆ ముసలోళ్ళకి స్నానాలు చేయించడానికేగా నువ్వు పోతున్నది?"

నవ్వుతూ బస్సుకు పరుగెత్తింది.

కార్తీకంలో ఇంటర్వ్యూ వచ్చింది. ఇంటివాళ్ళు కూడా ఒప్పుకోవాలట. దుర్గకు తల్లి లేదు. తండ్రి గుజరాత్‌లో బోట్ల మీద పనిచేస్తాడు, సముద్రంలో ఉంటే ఫోను అందదు. అందుకని నన్ను కాకినాడలో తన క్లాసుకి తీసుకెళ్ళింది.

కంప్యూటర్‌లో ఒక జపాన్ ఆవిడ కనిపించింది. దుర్గ నా గురించి తడబడకుండా కలిపి చెప్పింది. ఆవిడ తలాడించి, నన్ను చూస్తూ ఏదో అడిగింది.

"పంపడం మీకు ఇష్టమేనా అంటున్నారండి" అన్నారు క్రిస్టినా గారు.

"ఇష్టమేనండి."

"కాంట్రాక్టు మూడేళ్ళు. కావాలంటే తర్వాత కూడా ఉండొచ్చు. ఎప్పుడు తిరిగి రావాలని మీరు అనుకుంటున్నారు అని అడుగుతున్నారండి."

మా ఇళ్ళలో సముద్రం మీద వేటకు బయలుదేరిన మనిషిని ఎప్పుడొస్తావని అడగరు. అడిగితే సముద్రంలో గంగమ్మ విని, మనిషిని తన దగ్గరే ఉంచేసుకుంటుందంటారు. దుర్గ తండ్రి వెంకటరమణ నా చంకలో ఉన్న రోజుల్లో ఒక్కసారి మరిచిపోయి, "ఏ పూటకొస్తావు, కూరొండాలి" అని నా భర్త పల్లంరాజును అడిగేశాను. నావ ఎక్కాడు. మూడోరోజు నావ వచ్చింది. ఆయన రాలేదు. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు కూడా అడగలేదు.

తెర మీద ఆవిడ కాసేపు ఎదురుచూసి, తల వంచి ఏదో రాసుకోబోయింది.

"మాట్లాడండి అమ్మా" అన్నారు క్రిస్టినా గారు గొంతు తగ్గించి. "ఇంట్లోవాళ్ళు పలక్కపోతే ఇష్టం లేదనుకుంటారు. నిరుడు ఇద్దరమ్మాయిలకి ఇలాగే ఉద్యోగం చేజారిపోయిందండి."

దుర్గ నావైపు చూడలేదు. "పోనీలెండి మేడం. మా నాయనమ్మని ఆ మాట అడగొద్దు" అంది.

ఏడు నెలల చదువునీ ఆ ఒక్క మాటతో వదిలేసుకుంటోంది, నా భయం కోసం. నాకు కోడలు గుర్తొచ్చింది. ఆటో ఎక్కేముందు నా మొహంలోకి చూసింది. ఎప్పుడొస్తావని నేనడిగితే తొందరగా వచ్చేస్తానని చెప్పాలని చూసిందేమో. నేను తల తిప్పుకున్నాను. అడగకపోయినా ఆమె రాలేదు.

"రాసుకోమనండి" అన్నాను. "మూడేళ్ళు నిండాక, వానలకి బోట్లు ఆపే రోజుల్లో రావాలి. అప్పుడు వాళ్ళ నాన్న ఇంట్లో ఉంటాడు. ఒక నెలైనా ఉండాలి. మళ్ళీ వెళ్తే వెళ్తుంది."

క్రిస్టినా గారు జపాన్ భాషలో చెప్పడానికి నోరు తెరిచారు. దుర్గ ఆవిడ మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది. కళ్ళు తుడుచుకుని, తెరవైపు జరిగి, తన రాక సంగతి తనే నెమ్మదిగా వాళ్ళ భాషలో చెప్పింది. అవతల ఆవిడ రాసుకుంది.