పరికరం వాడుకలో ఉంది

పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టడం, అది మరిగేలోపు కంప్యూటర్ ఆన్ చెయ్యడం, కంప్యూటర్ తెరుచుకునేలోపు కాఫీ పొంగిపోవడం, పొయ్యి తుడుచుకుంటూ కంప్యూటర్‌ని తిట్టడం. జ్లాత్కాకి రోజూ ఇలాగే తెల్లారుతుంది. ఆ రోజు మాత్రం పొయ్యి ఆరిపోయి చాలాసేపైనా తిట్లు ఆగలేదు.

మధ్యాహ్నం బస్సులో ఒక హార్డ్ డ్రైవు సోఫియా నగరానికి వెళ్ళాలి. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా. వయసులో ఉన్నప్పుడు జ్లాత్కా, ఆమె నేస్తం నేదా జంటగా పాడిన కొండ పాటలన్నీ అందులోనే ఉన్నాయి. అక్కడెవరో రికార్డుగా వేస్తామన్నారు. అసలు టేపులు గ్రంథాలయం అటక మీద చెమ్మకి పాడైపోయాయి. ఇంకో కాపీ తీసిపెట్టుకోమని అందరూ చెప్పారు. రేపు తీద్దాంలే అంటూ జ్లాత్కా కాలం గడిపేసింది.

నేదా ఉండేది పక్క సందులోనే. గొంతు ఆపరేషన్ అయినప్పట్నించీ ఆమెకి పెదాలు కదలడమే తప్ప మాట రాదు. ఆ గొంతు ఇంకా ఎక్కడైనా ఉందంటే ఈ డబ్బాలోనే.

ఆ డబ్బాని కంప్యూటర్ వదలడం లేదు. తీస్తానని అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు: పరికరం వాడుకలో ఉంది, తర్వాత ప్రయత్నించండి.

"ఎవరు వాడుతున్నారే? ఇంట్లో ఉన్నది నేనూ, ఈయనా. ఈయనకి మౌసు పట్టుకోవడమే రాదు!"

"లాగి పారెయ్యరాదూ?" అన్నాడు మొగుడు మెతోది, పేపరు చాటునుంచి.

"లాగితే ఏమవుతుందో తెలీనట్టు మాట్లాడకు."

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. చెప్పకుండా లాగేస్తే లోపలున్నది బయటికి ఒలికిపోతుంది. రొట్టెల కొట్టతను పెళ్ళి వీడియో ఉన్నదాన్ని అలాగే లాగాడు. అప్పట్నించీ అతని పొయ్యిలో క్లారినెట్ మోగుతూనే ఉంది. జనం వెళ్తారు, కాస్త గొంతు పెంచి రొట్టె అడుగుతారు, తెచ్చుకుంటారు. పోస్టాఫీసు సొరుగులో ఎవరో సెలవులకి వెళ్ళి వీడియో తీసుకున్న సముద్రం ఉంది. అక్కడి స్టాంపులకి జిగురు నిలవదు.

టీవీలు బాగుచేసే బోజిదార్‌ని పిలిపించింది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తెరిచినవన్నీ మూసేశావా పిన్నీ?"

"నా నోరు తప్ప అన్నీ మూసేశాను."

లోపల ఏమేం నడుస్తున్నాయో చూపించే పట్టీ తీశాడు. పాటలు వినిపించే ప్రోగ్రాము చాటుగా నడుస్తోంది, ఆపాడు. వైరస్‌ల కోసం వెతికేది డబ్బాలో తలదూర్చి ఉంది, దాన్నీ ఆపాడు. ఫైళ్ళ పేర్లు రాసుకుంటూ తిరిగేది ఇంకొకటి దొరికింది. "ఇదే దొంగ," అని దాని పీకా నొక్కాడు.

పరికరం వాడుకలో ఉంది.

"సరే, కంప్యూటర్నే ఆర్పేద్దాం. కరెంటు లేకపోతే ఎలా పట్టుకుంటుందో చూస్తాను," అని మీట నొక్కాడు. తెర నీలంగా మారింది. అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటర్‌ని ఆపకండి.

చౌరస్తాలో బస్సు హారన్ మోగింది.

"ఇంకెంతసేపు?"

"దాని ఇష్టం పిన్నీ."

"అన్నీ దాని ఇష్టమే! ఈ ఇంట్లో నాదంటూ ఏమైనా ఉందా?" అంటూనే జ్లాత్కా డబ్బా తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

పాటలు ఒలికాయి. ఒకటి కాఫీ గిన్నెలోకి దిగింది, ఒకటి మంచం కిందికి దొర్లింది. తన వైపొచ్చినదానికి మెతోది కాళ్ళు ఎత్తి దారిచ్చాడు. గదంతా జ్లాత్కా గొంతే, కింది స్థాయిలో ఆసరాగా సాగే గొంతు. దాని మీద వాలాల్సిన పై గొంతు ఎక్కడా లేదు.

"నేదాది ఏదీ?"

కిటికీ తెరిచి ఉంది. జ్లాత్కా చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. ఏమని చెప్పాలి? నీకు మిగిలిన ఒక్కటీ పారబోశానని చెప్పాలా?

నేదా పెరట్లో మిరపకాయలు కాలుస్తోంది. గేటు చప్పుడుకి వెనక్కి తిరిగింది.

"గేటు బార్లా తెరిచావేమే, కోళ్ళు పోవూ?" అంది.

అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది ఇరవై ఏళ్ళ పిల్ల గొంతు. పొయ్యి మీద మిరపకాయలు మాడిపోతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"ఇంకోసారి తిట్టు," అంది జ్లాత్కా.

"కాళ్ళకి చెప్పుల్లేవు. బుద్ధీ లేదు. ఏడవకు, ముక్కు తుడుచుకో."

కింద బస్సు కదిలింది. నేదా ప్రహరీ దగ్గరకెళ్ళి "ఓయ్, ఆగూ!" అని ఒక్క కేక వేసింది. వంతెన దాటిన బస్సు ఆగింది.

నేదా తన పాత బూట్లు జ్లాత్కా కాళ్ళకి తొడిగింది. ఏప్రన్లతోనే ఇద్దరూ బస్సెక్కేశారు. డ్రైవరు పార్సిల్ ఏదని అడగలేదు. లోయ మలుపులు దాటాక జ్లాత్కా సన్నగా ఒక పాట ఎత్తుకుంది. నేదాకి మాట పోయాక నేర్చుకున్న పాట అది, ఏ డబ్బాలోనూ లేనిది. నేదా పెదాలు బిగించి ఒక చరణం విన్నది.

"శ్రుతి తప్పావు," అంది. "ఇన్నాళ్ళూ ఇలాగేనా పాడుతున్నావు? జరుగు, మొదట్నించీ ఎత్తుకో."

జ్లాత్కా కిటికీ వైపు జరిగి, మొదట్నించీ ఎత్తుకుంది. రెండో మాట దగ్గర పై గొంతు వచ్చి కలిసింది.