ముప్పై ఆరో ఫొటో

నేను ఒక కెమెరాను. రీలు వేసి ఫొటోలు తీసే కాలం నాటిదాన్ని. ఇప్పుడు బొబ్బిలిలో కళావతి స్టూడియోలో, అద్దాల బీరువా మధ్య అరలో కూర్చున్నాను. ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు, రిసెప్షన్‌లో ఎవరికీ తెలియకుండా తీసే క్యాండిడ్ ఫొటో బాగా రావాలంటే ఏం చెయ్యాలని అడుగుతుంటారు. వెలుతురు చూసుకోమంటుంది. ఫ్లాష్ ఆపమంటుంది. ఎవరినీ పిలవవద్దంటుంది. మీరక్కడున్న సంగతి అందరూ మరిచిపోయేదాకా గోడకు ఆనుకుని నిలబడమంటుంది. అన్నీ నిజాలే. అవి తనకు ఎవరివల్ల తెలిశాయో మాత్రం చెప్పదు. అది నేను చెబుతాను. ఎంతకాలం ఉంటానో తెలియదు, నాకు భయం ఎక్కువ. చెప్పాల్సినవి ముందే చెప్పేస్తే నిశ్చింత.

ఎక్కడో సముద్రాల అవతల, తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఆడవాళ్లు వరసగా కూర్చుని పనిచేసే చోట పుట్టాను. ఆఖరి మర బిగించిన మనిషి నన్ను ఒక్కసారి కంటికి పెట్టుకుని చూసి, పెట్టెలో పెట్టి మూత వేసింది. ఆమె ముఖం నాకు తెలియదు. ఒక కన్ను మాత్రం తెలుసు. నా మొదటి ఎడబాటు అదే. తర్వాత ఎన్నో చూశాను గానీ, మూత పడే చప్పుడు వింటే ఇప్పటికీ నాకు గుండె జారుతుంది.

ఓడలోనూ రైల్లోనూ తిరిగి తిరిగి ఫొటోల పైడిరాజు చేతికి వచ్చాను. బొబ్బిలి చుట్టుపక్కల ఇరవై ఏళ్ల పెళ్లిళ్లు ఆయనే నాకు చూపించాడు. ఆయన దృష్టిలో ఫొటో అంటే ఒక శిక్ష. గెడ్డం ఎత్తమనేవాడు, ఊపిరి బిగబట్టమనేవాడు, కదిలితే మళ్లీ తియ్యనని బెదిరించేవాడు. అప్పటిదాకా పకపకా నవ్వుతున్నవాళ్లు నా ఎదుటికి రాగానే కోర్టులో సాక్షుల్లా అయిపోయేవారు. నేను పక్కకు తిరిగీ తిరగ్గానే మళ్లీ నవ్వులు. మనుషులు ఉన్న ముఖం దాచుకుని, లేని ముఖం అచ్చు వేయించుకోవడానికి ఇంత తాపత్రయపడతారేమిటా అని నాకు వింతగా ఉండేది.

కళ్లలో శుక్లాలు ముదిరాక ఆయన నన్ను మేనకోడలు కళావతి మెడలో వేశాడు. "మొదట్లో మెడ నొప్పెడతాదమ్మీ. తరవాత ఇది లేకపోతేనే నొప్పెడతాది" అన్నాడు. నాతోపాటు ఒక వృత్తి రహస్యం కూడా అప్పగించాడు. దాని పేరు ఉత్త ఫ్లాష్.

రీలుకు ముప్పై ఆరు ఫొటోలు. పెళ్లికి వచ్చేవాళ్లు వందల మంది. పెళ్లికూతురి పక్కన నిలబడ్డ ప్రతివాళ్లకీ నా చూపు తమమీద పడాలని ఉంటుంది. అందుకని, ముఖ్యులు కారనుకున్నవాళ్లు వచ్చినప్పుడు నన్ను నొక్కకుండా నా నెత్తిమీది ఫ్లాష్‌ను మాత్రం మెరిపిస్తారు. వాళ్లు తృప్తిగా దిగిపోతారు. నా లోపల చీకటి చీకటిగానే ఉంటుంది. ఆ అబద్ధంతో అందరూ సుఖంగానే ఉండేవారు. ఆల్బమ్ వచ్చేసరికి ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో ఎవరికి గుర్తుంటుంది? ఒకరికి గుర్తుంటుందని కళావతికి తోచలేదు. నాకూ తోచలేదు.

హైమావతి పెళ్లి రిసెప్షన్ అది. మధ్యాహ్నం భోజనాలతో పాటే పెట్టుకున్నారు. పెళ్లికొడుక్కి రాయ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం. నాలుగింటి బండికి కొత్త జంట వెళ్లిపోవాలి. పెళ్లికూతురి తల్లి వరహాలమ్మ మెడనిండా దండలాంటి కాసులపేరుతో వచ్చినవాళ్లను వచ్చినట్టు భోజనాలకు పంపుతోంది. మగపెళ్లివారు ఒక వ్యానులో వస్తారనుకుంటే మూడు వ్యాన్లలో దిగారు. కళావతి తెచ్చిన రీళ్లు రెండు అప్పటికే అయిపోయాయి. మూడోది ఆఖరికి వచ్చింది.

వరహాలమ్మ భోజనాల హాల్లోకి వెళ్లిన సమయం చూసి ఒక సన్నటి మనిషి వరసలోకి వచ్చింది. వంగపండు రంగు నేతచీర, వంటశాల పొగకు ఎర్రబడ్డ కళ్లు. వేదిక ఎక్కి, పెళ్లికూతురికి జానెడు దూరంలో, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. ఎవరో దూరపు చుట్టం అనుకుంది కళావతి. ఉత్త ఫ్లాష్ మెరిసింది. ఆ మనిషి రెప్ప వెయ్యకుండా ఆ వెలుగునంతా కళ్లలోకి తీసుకుని దిగిపోయింది.

కాసేపటికి పక్కగదిలో కళావతి ఫ్లాష్ బ్యాటరీలు మారుస్తుంటే ఆమె మెల్లగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇందాకటి ఫొటో ఎన్నాళ్లకొస్తాదమ్మా? నాకొకటి ఇస్తావా?"

పది రోజులవుతుందని చెప్పి, పెళ్లికూతురు మీకేమవుతుందని మాటవరసకు అడిగింది కళావతి. తన పేరు నూకాలని, వరహాలమ్మ చెల్లెలినని, హైమ తనను పిన్ని అంటుందని చెప్పింది. తర్వాత, ఎప్పటినుంచో కట్టి ఉంచిన మూట ముడి దానంతటదే జారినట్టు, మిగతాదీ చెప్పింది. అక్కకు పిల్లలు కలగలేదు. తనకు మూడో ఆడపిల్ల పుట్టిన ఇరవై ఒకటో రోజున, చేటలో పడుకోబెట్టి తీసుకెళ్లి అక్క ఒళ్లో పెట్టింది. వీధి అందరికీ తెలుసు, హైమకూ తెలుసు. ఎవరూ పైకి అనరు. అక్క మనసు నొచ్చుకుంటుందని ఆమె ఎదుట నూకాలు ఏనాడూ పిల్లను ఎత్తుకోలేదు. బారసాల ఫొటోలో లేదు, ఓణీల ఫంక్షన్ ఫొటోలో లేదు. కెమెరా వచ్చిందంటే వంటలవైపు వెళ్లిపోయేది.

"ఇరవై రెండేళ్లలో దాని పక్కన నిలబడి దిగినది ఇదే. అది ఎలాగూ ఎల్లిపోతాది. ఫొటో ఉంటే సాలు నాకు" అంది.

నేను కళావతి గుండెలమీద వేలాడుతున్నాను. ఆ గుండె తప్పిన లయ నాకు తెలిసింది. రండి, ఇంకొకటి తీస్తానని ఆమె నోటిదాకా వచ్చింది. కానీ ఎందుకని అడిగితే ఏం చెబుతుంది? పైగా నూకాలు మళ్లీ వేదిక ఎక్కదు. అక్క హాల్లోంచి వచ్చేసింది, సూస్తే ఏటనుకుంటాదని అప్పటికే వెనక్కి తిరిగింది.

కళావతి నా నెత్తిమీది అంకె చూసింది. ముప్పై అయిదు అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ పెళ్లికొడుకు మేనమామ తన కుటుంబమంతటితో దిగడానికి పొద్దుటినుంచీ అట్టేపెట్టమన్నది.

ఆమె ఫ్లాష్ ఊడదీసి సంచిలో పెట్టింది. మూడింటికి హైమ చీర మార్చుకోవడానికి అదే పక్కగదిలోకి వచ్చింది. పడమటి కిటికీలోంచి ఎండ నేలమీద పరుచుకుంది. కళావతి ఆ కిటికీ పక్కన గోడకు ఆనుకుని, అలసిపోయినదానిలా నిలబడింది. నన్ను చేతుల్లో పట్టుకుంది గానీ కంటికి పెట్టలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. కొంతసేపటికి ఆమె అక్కడున్న బీరువాతో సమానమైపోయింది.

కొత్త చీర కుచ్చిళ్లు నిలవడం లేదు. హైమ స్నేహితురాళ్లు నవ్వుతున్నారు గానీ సర్దడం ఒక్కరికీ రాదు. "పిన్నీ, ఒక పాలి రా" అని పిలిచింది హైమ. నూకాలు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, పిన్నులు పళ్లమధ్య పెట్టుకుని కూతురి కాళ్ల దగ్గర మోకాళ్లమీద కూర్చుంది. ఒక్కొక్క మడతా గోటితో నొక్కి సర్దుతోంది. తూలకుండా ఉండటానికి హైమ ఒక చెయ్యి ఆమె తలమీద ఆనించి, స్నేహితురాలితో బండి సంగతి మాట్లాడుతోంది.

కళావతి నన్ను కంటికి ఎత్తింది. ఇంతలో ఎవరో పెద్దావిడ వీపు అడ్డొచ్చింది. దించింది. మళ్లీ ఎత్తింది; నూకాలు నోట్లో పిన్నులు మెరుస్తున్నాయి. మళ్లీ దించింది. బయట బండికి టైమైందని కేకలు మొదలయ్యాయి. నొక్కేసెయ్, పోతుంది, వెళ్లిపోతారు అని నా స్ప్రింగులన్నీ గోల పెట్టాయి. ఆమె ఆగింది.

కుచ్చిళ్లు అయిపోయాయి. నూకాలు లేవలేదు. సర్దిన మడతల్ని రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. హైమ మాట మధ్యలో ఆపి కిందికి చూసింది. తలమీది చెయ్యి తీసెయ్యలేదు. బొటనవేలు మాత్రం పాపిటమీద ఒక్కసారి మెల్లగా కదిలింది.

కళావతి నొక్కింది. ఫొటో పడే ఆ క్షణంలో నా లోపలి అద్దం పైకి లేస్తుంది. తీసేవాళ్లకు చీకటి తప్ప ఏమీ కనిపించదు. ఎదురుచూసినంతసేపూ చూసినవాళ్లకు అసలు క్షణం దక్కదు. దాన్ని నేనే చూశాను.

తర్వాత మేనమామ పదకొండు మందిని పోగేసి, మీసం దువ్వుకుని మధ్యలో నిలబడ్డాడు. కళావతి ఫ్లాష్ మళ్లీ నాకు తగిలించి, మీట తిప్పి చూసింది; రీలు అయిపోయింది, కదల్లేదు. ఫ్లాష్ మాత్రం గొప్పగా మెరిసింది. తర్వాత ఆయన వచ్చి అడిగితే, కెమెరా పాతదండి, మొరాయించిందని నా మీద నెట్టేసింది. నేనేమీ అనుకోలేదు. అదే ఆమె ఆఖరి ఉత్త ఫ్లాష్.

ఫొటోలు విశాఖలో కడిగించి తెచ్చాక, ఆ ఒక్కటీ నూకాలు కోసం విడిగా కవరులో పెట్టింది కళావతి. కానీ ముందు వచ్చినది వరహాలమ్మ. ఫొటోలన్నీ చూసి, బల్లమీది కవరు వైపు చెయ్యి చాచింది.

"అదేటమ్మా?"

"అది సరిగ్గా రాలేదండి. కొంచెం మసక."

"రాకపోతే రాకపోయింది, ఇలాగియ్యి."

వరహాలమ్మ ఆ ఫొటోను గుమ్మం వెలుతురులోకి తీసుకెళ్లి చూసింది. చాలాసేపు చూసింది. చించేస్తుందేమోనని నాకు భయం వేసింది. కళావతి బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నా ఎదట దాన్ని ఎప్పుడూ ముట్టుకోదు మా సెల్లి. నాను బాధపడతానని" అంది వరహాలమ్మ. ఫొటో అంచు కొంగుతో తుడిచి, "ముట్టుకోవే అని నానూ ఎప్పుడూ అనలేదు" అంది.

వీధిలో ఒక రిక్షా వెళ్లింది. ఆమె లోపలికి వచ్చి కూర్చుంది. ఇంకొక కాపీ తీయించమంది, రాయ్‌పూర్ పంపాలట. ఇది మాత్రం ఇప్పుడే తీసుకెళ్తానంది, తనే నూకాలుకు ఇస్తుందట.

కాపీలు తారుమారు కాకుండా స్టూడియోలో ప్రతి ఫొటో వెనకా పెన్సిల్‌తో పేర్లు రాయడం అలవాటు. కళావతి ఫొటో తిప్పి, హైమావతి, పిన్ని అని రాయనా అని అడిగింది.

"కాదు. హైమ, వాళ్లమ్మ అని రాయి."

కళావతి రాసింది. వరహాలమ్మ దాన్ని అందుకుని, కళ్లజోడు సవరించుకుని చదివి, మళ్లీ బల్లమీద పెట్టింది.

"అచ్చరాలు పెద్దవిగా రాయమ్మా. మా సెల్లికి కళ్లు ఆనవు."